ఆ బొమ్మలు గీసింది ఎవరు?

మలక్‌పేటలో మా అక్కావాళ్ల పాత ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో అటక మీద నుంచి ఒక అట్టపెట్టె నిండా వీడియో క్యాసెట్లు దిగాయి. కొన్ని పెళ్లిళ్లవి, ఒకటి అన్నప్రాశనది, మిగతావన్నీ దూరదర్శన్‌లో సినిమా వేసినప్పుడు బావగారు వీసీఆర్ పెట్టి రికార్డు చేసుకున్నవి. ఒక్కో క్యాసెట్ మీద ఆయన గుండ్రటి చేతిరాతతో సినిమా పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో తారీఖు. కోఠీలో ఒక షాపులో వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. కొత్త అద్దె ఇంట్లో ఒక ఆదివారం అందరం కూర్చుని పెట్టుకున్నాం.

సినిమా నడుస్తున్నంతసేపూ ఎవరి కబుర్లు వాళ్లవే. ప్రకటనలు మొదలయ్యేసరికి గది మొత్తం సద్దుమణిగింది. వంటింట్లో ఉన్న అక్క చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సెవెన్ అప్ పానీయం ప్రకటనలోని బొమ్మ, జుట్టు నిక్కబొడుచుకున్న ఫిడో డిడో భుజాలు వేలాడేసుకుని నడిచి రాగానే, యాభై దాటిన మా అన్నయ్య చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఒక పళ్లపొడి ప్రకటన. నల్లటి క్రిములు బల్లేలు పట్టుకుని ఒక పంటి మీదికి దండెత్తి వస్తాయి. దాని పాటను నలుగురం ఒకేసారి అందుకున్నాం.

అక్క మనవరాలికి తొమ్మిదేళ్లు. బొమ్మల క్లాసుకు వెళ్తుంది. "ఈ క్రిమి ఏ సినిమాలోది అమ్మమ్మా?" అని అడిగింది. సినిమాలోది కాదనీ, పళ్లపొడి అమ్మడానికే గీశారనీ అక్క చెప్పింది.

"ఎవరు గీశారు?"

పాటంతా కంఠతా వచ్చిన మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఆ ప్రశ్న అప్పటిదాకా మాకెవరికీ రాలేదు కూడా.

ఈ జ్ఞాపకాల వ్యవహారం గురించి నాకు ఎప్పటి నుంచో మనసులో మెదులుతున్న ఒక అభిప్రాయం ఆ రోజుతో గట్టిపడింది. పాత కార్టూన్ ప్రకటనలను మనం ప్రేమించడం న్యాయమే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ ప్రేమనంతా తీసుకెళ్లి సబ్బుకూ, శీతల పానీయానికీ, దోమల మందుకూ కట్టబెడుతున్నాం. ఫోనులో ఎవరో పాత ప్రకటన పంపితే, కింద వచ్చే మాటలన్నీ ఆ సరుకు గురించే, లేదా మన బాల్యం గురించే. ఆ బొమ్మను కదిలించిన మనిషి గురించి ఒక్క మాట ఉండదు. నా దృష్టిలో ఆ అభిమానంలో సింహభాగం వాళ్లది.

హిందీ రాని ఇంట్లో

నేను పెరిగింది మిర్యాలగూడలో. మా వీధిలో మొదటి టీవీ ఎదురింటి రైసుమిల్లు వాళ్లది. వెదురు బొంగుకు కట్టిన యాంటెన్నాను ఒకరు మేడ మీద తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు "ఆగు, వచ్చింది" అని అరిచేవారు. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 నుంచే ఉన్నాయి. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలయ్యాక, రామంతాపూర్ కేంద్రం తెలుగు కార్యక్రమాలు ముగించగానే మిగతా రాత్రంతా ఢిల్లీదే. ఢిల్లీ అంటే హిందీ. హైదరాబాద్ పిల్లలకు వీధిలోనే ఎంతో కొంత హిందీ అబ్బేది. మాకు అదీ లేదు.

ఆ ప్రకటనల్లోని మనుషులు మాకు పరాయివాళ్లు. సూటు తొడుక్కున్న నాన్న, సోఫా, భోజనాల బల్ల, బల్ల మీద పళ్లబుట్ట. మా ఇళ్లలో నాన్నలు బనీనుతో పీట మీద కూర్చుని తినేవారు. తెర మీద వాళ్లు ఏమి మాట్లాడుకుంటున్నారో అర్థమయ్యేది కాదు, ఎందుకు నవ్వుతున్నారో అంతకన్నా అర్థమయ్యేది కాదు. బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. క్రిమికి ఊరు లేదు, కులం లేదు, భాష లేదు. నాలుక చాచి దోమలను చప్పరించే దోమలమందు పరికరానికి అనువాదం అక్కర్లేదు. అది ఢిల్లీలో ఎంత సొంతమో మిర్యాలగూడలోనూ అంతే సొంతం. తెలుగు పిల్లలకు ఆ బొమ్మలు అంత లోతుగా నాటుకుపోవడానికి ఇది పెద్ద కారణమని నేను నమ్ముతాను.

ఈ మాట అంటే మా అన్నయ్య ఒప్పుకోలేదు. "ఉన్నది ఒక్క చానల్. చూడక ఏమి చేస్తాం? రోజుకు పదిసార్లు చూపిస్తే రాయి అయినా గుర్తుంటుంది" అన్నాడు. ఆయన మాటలో బలం ఉంది. పైగా మనకు గుర్తున్నది బొమ్మా, పాటా అన్నది కూడా తేల్చి చెప్పడం కష్టం. నిర్మా సంగతే చూడండి. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన ఆ పొడి సంచి మీద తెల్ల గౌను పాప నిలబడి ఉంటుంది. కానీ మన నోట్లో ఇప్పటికీ ఆడేది నలుగురు ఆడవాళ్ల పేర్లు వరుసగా వచ్చే ఆ పాట. ఆ పాట లేకపోతే ఆ పాప ఇంతగా గుర్తుండేదా? అనుమానమే.

అయినా అన్నయ్య వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అదే చానల్‌లో, అన్నిసార్లూ వచ్చిన సూటుగుడ్డల ప్రకటనలు, ప్రెషర్ కుక్కర్ల ప్రకటనలు బోలెడు. ఆ ఆదివారం అవీ తెర మీదికి వచ్చాయి. వాటికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆపి చూస్తే

ఆ రాత్రి పళ్లపొడి ప్రకటనను కంప్యూటర్‌లో పెట్టుకుని, ఒక్కో ఫ్రేము ఆపుతూ చూశాను. నడుస్తున్నప్పుడు కనిపించనివన్నీ ఆపితే కనిపిస్తాయి. ముందు నడిచే క్రిమికి మూడు వేళ్లు. బల్లెం ఎత్తే చోట రెండు బొమ్మల్లో రెండే వేళ్లు ఉన్నాయి, మళ్లీ మూడోది వచ్చేసింది. దాని నాలుక మీది ఎరుపు ఒక చోట గీత దాటి బుగ్గ మీదికి పాకింది. పంటి అంచు గీత కుదురుగా లేదు, ఊపిరి తీస్తున్నట్టు సన్నగా వణుకుతూ ఉంది. ఎందుకంటే ప్రతిసారీ దాన్ని కొత్తగా చేత్తో గీశారు. ఒక మూల చిన్న దుమ్ము నలుసు ప్రత్యక్షమై, మరుసటి ఫ్రేములో మాయమైంది. ఎవరో పారదర్శకమైన పలకను కెమెరా కింద పెట్టేటప్పుడు తుడవడం మరిచిపోయారు. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక గదిలో, ఏదో ఒక మధ్యాహ్నం.

హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలు జోరుగా నడిచిన రోజుల్లో ఒక దానిలో పనిచేసిన మిత్రుడొకడు నాకు ఉన్నాడు. ఇప్పుడు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నాడు. అతనికి ఆ ఫ్రేములు చూపిస్తే లెక్క చెప్పాడు. ఫిల్ము మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ముప్పై సెకన్లకు 360. అది ఒక్క క్రిమికి. పక్కన ఇంకో నాలుగు క్రిములు విడివిడిగా కదిలితే వాటివి వాటికే.

ముఖ్యమైన భంగిమలు పెద్ద యానిమేటర్ గీస్తాడు. వాటి మధ్యలో పడే బొమ్మలు ఇన్‌బిట్వీనర్ గీస్తాడు. క్లీనప్ వాళ్లు పెన్సిల్ గీతలను శుభ్రం చేస్తారు. ఆ గీతలను సెల్ అనే పారదర్శక పలక మీదికి సిరాతో దించుతారు. పలకను తిరగేసి వెనక వైపు రంగు నింపుతారు, ముందున్న గీత చెదరకుండా. ఆరాక వెనక దృశ్యం మీద పేర్చి, పైనుంచి కిందికి చూసే కెమెరా కింద పెట్టి ఒక్కొక్కటే ఫొటో తీస్తారు. ఒక్క బొమ్మ తేడా వచ్చినా కదలిక తడబడుతుంది.

"నువ్వు గీసినవి టీవీలో చూసుకున్నావా?" అని అడిగాను.

"చూసేవాణ్ణి. అందులో నాది ఏది అని అడిగితే చెప్పలేను. ఇద్దరు గీసినట్టు కనిపించకూడదు, అదే మా పని" అన్నాడు. కాసేపాగి, "సినిమాకైతే చివర పేర్లు పడతాయి. ముప్పై సెకన్ల ప్రకటనలో పేర్లకు చోటెక్కడిది? ఆ చోటుకు కూడా డబ్బు కట్టాలి కదా" అన్నాడు.

నేను ఇంతకాలం ఆలోచించని విషయం ఇదే. ఎవరో కుట్రపన్ని పేర్లు దాచలేదు. ప్రకటన అనే రూపంలోనే పేరుకు తావు లేదు. స్టూడియో లెక్కల పుస్తకంలోనో, జీతాల రిజిస్టరులోనో తప్ప ఆ మనుషులు ఇంకెక్కడా లేరు. స్టూడియో మూతపడితే ఆ పుస్తకాలు పాత కాగితాలవాడికి వెళ్తాయి.

తెలిసిన పేర్లు, తెలియని చేతులు

కొన్ని పేర్లు మిగిలాయి. ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద కుంచె పట్టుకుని అల్లరిగా చూసే గట్టు అనే పిల్లాణ్ణి 1954లో ఆర్.కె.లక్ష్మణ్ గీశారు. 2002లో కంపెనీ ఆ పిల్లాణ్ణి పక్కన పెట్టింది. అమూల్ పాపను 1966లో సిల్వెస్టర్ డకున్హా ప్రకటనల సంస్థలో యూస్టేస్ ఫెర్నాండెజ్ గీశారు. 1985లో ఫిడో డిడోను సృష్టించినవాళ్లు జోవానా ఫెరోన్, స్యూ రోజ్ అనే ఇద్దరు అమెరికన్లు. పాత్రను పుట్టించినవారి పేరు ఇలా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దాన్ని నడిపించి, గెంతించి, రెప్పలార్పించిన చేతులవి మాత్రం దొరకవు.

మన దేశంలో యానిమేషన్ బతికింది ఎక్కువగా ఈ ప్రకటనల మీదే అన్న సంగతి కూడా మనం గుర్తు చేసుకోం. 1956లో కేంద్ర ప్రభుత్వ చిత్ర నిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో శిక్షణ ఇవ్వడానికి డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చారు. జాతక కథ ఆధారంగా 1957లో 'బన్యన్ డీర్' తయారైంది. ఆ శిక్షణ పొందినవారిలో రామ్‌మోహన్ ఒకరు. భారతీయ యానిమేషన్‌కు పితామహుడని ఆయనను అంటారు. 1968లో ఫిల్మ్స్ డివిజన్ వదిలి ఆయన చేరింది మన ఎల్.వి.ప్రసాద్ గారి ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో, యానిమేషన్ విభాగం అధిపతిగా. ఏలూరు దగ్గర పల్లెలో పుట్టిన ఒక తెలుగువాడి సంస్థ ఆ రోజుల్లోనే యానిమేషన్‌కు ఒక విభాగం నడిపిందంటే నాకు గర్వంగా ఉంటుంది. 1972లో రామ్‌మోహన్ సొంత సంస్థ పెట్టుకున్నారు. దాన్ని నడిపించినవి ఎక్కువగా వ్యాపార ప్రకటనలే. జపాన్ వాళ్లతో కలిసి రామాయణం యానిమేషన్ సినిమాకు దర్శకత్వం వహించే అవకాశం రావడానికి ఆయన 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. 2014లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో కన్నుమూశారు.

అంత పెద్ద కళాకారుడే ప్రకటనల మీద ఆధారపడ్డాడంటే, ఆయన వెనక బల్లల దగ్గర కూర్చున్నవాళ్ల సంగతి చెప్పాలా? పూర్తి నిడివి యానిమేషన్ సినిమాకు డబ్బు పెట్టేవాళ్లు లేని కాలంలో వాళ్ల విద్యకు దొరికిన తెర ఈ ముప్పై సెకన్లే. తమకు వచ్చినదంతా అందులోనే పెట్టారు. అందుకే ఒక్కోసారి సరుకుకు ఏమాత్రం అవసరం లేని సొగసు అందులో కనిపిస్తుంది. పళ్లపొడి అమ్మడానికి క్రిమి భయపడితే చాలు. ఓడిపోయిన క్రిమి పారిపోతూ, కింద పడిన తోటి క్రిమి కోసం వెనక్కి వచ్చి చెయ్యి అందించాల్సిన పని లేదు. కానీ అందించింది. నేను ఆ ఫ్రేముల దగ్గర చాలాసేపు ఆగాను.

తర్వాతి తరంలో పరిస్థితి కొంత మారింది. తిరుపతి పక్కన కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు నెలకొల్పిన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ బ్యాటరీలు తెచ్చింది. వాటికి మట్టిబొమ్మల ప్రకటనలు చేసింది ముంబయిలో సురేశ్ ఎరియత్ నడిపిన ఫేమస్ హౌస్ ఆఫ్ యానిమేషన్. క్లే బొమ్మలను వెంట్రుకవాసి కదిలించడం, ఫొటో తీయడం, మళ్లీ కదిలించడం. బ్యాటరీ లాంటి నల్లటి పెట్టెకు ఒక వెర్రి, నవ్వొచ్చే లోకాన్ని కల్పించారు. ఆ పని నుంచి ఎదిగిన సురేశ్ తర్వాత సొంత స్టూడియో పెట్టి, యానిమేషన్‌కు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ప్రకటనే బడి అయింది.

2009 ఐపీఎల్ నాటి వోడాఫోన్ ప్రకటనల్లోని జూజూలను మరిచిపోలేం. గుండు తలలు, తెల్లటి శరీరాలు. కార్టూన్లు అనుకునే దేశం మొత్తం చూసింది. వాటి లోపల మనుషులు ఉన్నారనీ, కేప్‌టౌన్‌లో దర్శకుడు ప్రకాశ్ వర్మ వాళ్లకు ప్రత్యేకమైన దుస్తులు తొడిగి చిత్రీకరించారనీ పత్రికల్లో వచ్చింది. ఎలా చేశారో తెలిశాక ఆ బొమ్మల మీద అభిమానం తగ్గలేదు సరికదా, మా ఆఫీసులో వారం రోజులు అదే ముచ్చట. చేసినవాళ్ల గురించి చెబితే వినడానికి జనం సిద్ధంగానే ఉంటారు. చెప్పేవాళ్లే లేరు.

పిల్లలకు వేసిన వల

ఇక్కడిదాకా చదివి కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైనది. బొమ్మలు అందంగా ఉన్నాయి సరే, అవి ఎవరి కోసం? పిల్లల కోసం. ఎందుకు? అమ్మానాన్నల చేత కొనిపించడానికి.

అమెరికాలో 1960లో మొదలైన 'ఫ్లింట్‌స్టోన్స్' కార్టూన్‌కు ఖర్చు భరించిన కంపెనీల్లో విన్‌స్టన్ సిగరెట్లది ఒకటి. ఫ్రెడ్, బార్నీ పనులన్నీ పెళ్లాల మీద వదిలేసి, ఇంటి వెనక కూర్చుని సిగరెట్లు వెలిగించుకునే ప్రకటన ఇప్పటికీ దొరుకుతుంది. 1988 నుంచి అక్కడ జో క్యామెల్ అనే ఒంటె బొమ్మ క్యామెల్ సిగరెట్లు అమ్మింది. 1991లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆరేళ్ల పిల్లలు మిక్కీమౌస్‌ను ఎంతగా గుర్తుపడుతున్నారో ఆ ఒంటెనూ దాదాపు అంతే గుర్తుపడుతున్నారు. చివరికి 1997లో ఆ బొమ్మను ఉపసంహరించుకున్నారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రకటన అంటే తమను ఒప్పించే ప్రయత్నం అని తెలియదని అమెరికా మనస్తత్వవేత్తల సంఘం నియమించిన బృందం 2004లో చెప్పింది. చిలీ దేశం 2016లో, చక్కెర ఎక్కువగా ఉన్న అల్పాహారాల పెట్టెల మీద నుంచి కార్టూన్ బొమ్మలను చట్టం చేసి తీయించింది. 1952 నుంచి కార్న్‌ఫ్లేక్స్ అమ్ముతున్న టోనీ పులి కూడా అక్కడ కనుమరుగైంది. మన దగ్గర కూడా 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలకు విడిగా నిబంధనలు పెట్టారు.

వీటిలో ఏ ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. మా పిన్ని కొడుకు చిన్నప్పుడు ఒక పులి బొమ్మ బిస్కెట్ల కోసం కిరాణా కొట్టు ముందు నేల మీద పడి దొర్లేవాడు. మా బాబాయి జీతం ఒకటో తారీఖున వస్తే పదిహేనుకు అయిపోయేది. పిన్ని కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ఆ బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, ఆ రోజు అది ఆమెకు చేసింది మంచి పని కాదు. ఈ సంగతి వదిలేసి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చేవాళ్లతో నేను ఏకీభవించలేను.

మరి పిల్లల మీద అలా వల విసిరినవాటిని దాచుకోవాలని ఎలా అంటున్నాను? నాకు నేను వేసుకున్న ప్రశ్న ఇది. తేలికగా జవాబు దొరకలేదు.

చేర్యాల పటాల గురించి ఆలోచిస్తుంటే కొంత దారి కనిపించింది. నకాశీ కుటుంబాలు గీసిన ఆ బారెడు పటాలు గోడకు వేలాడదీసుకునే కళాఖండాలుగా పుట్టలేదు. కథ చెప్పి బతికేవాళ్లు తమ వృత్తికి పనిముట్టుగా గీయించుకున్నారు. ఎవరి కులపురాణం వాళ్లకు గొప్పగా కనిపించేలా గీయమన్నారు, గీసినవాళ్లు అలాగే గీశారు. పటం మీద చిత్రకారుడి పేరు వెతికితే దొరకడం కష్టం. ఇప్పుడు మనం ఆ ఎరుపును, ఆ ముక్కుల కొసలను, ఒకదాని కింద ఒకటి సాగే ఆ అరలను చూసి మురిసిపోతున్నాం. గీయించినవాడి అవసరం తీరిపోయింది, గీసినవాడి విద్య కళ్ల ముందు ఉంది. ప్రకటనల బొమ్మలూ ఇదే కోవలోకి వస్తాయి. బాల్యాన్ని లక్ష్యంగా చేసుకోవడం అనే తప్పు వాటిని గీయించినవారిది. ఆ తప్పు గురించి మాట్లాడదాం. అదే సమయంలో గీసినవారి పనిని పని లాగా చూద్దాం.

ఈ పోలిక పూర్తిగా అతకదని నాకు తెలుసు. కథ చెప్పేవాడు పిల్లల చేత బిస్కెట్లు కొనిపించలేదు. అయినా అంతకంటే దగ్గరిది నాకు దొరకలేదు.

ఇప్పుడు బొమ్మే అంగడి

అక్క మనవరాలు "ఏ సినిమాలోది?" అని ఎందుకు అడిగిందో తర్వాత అర్థమైంది. ఆమె ఎరిగిన లోకంలో బొమ్మ ముందు వస్తుంది, సరుకు తర్వాత వస్తుంది. మన హైదరాబాద్‌లోనే గ్రీన్‌గోల్డ్ సంస్థలో రాజీవ్ చిలక సృష్టించిన ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లోకి వచ్చాడు. తర్వాత ఆ బొమ్మ సంచుల మీదికి, నీళ్ల సీసాల మీదికి, చొక్కాల మీదికి వచ్చింది. ఈ ఊరి నుంచి పుట్టిన ఒక బొమ్మ దేశంలోని పిల్లలందరికీ చేరడం చిన్న విషయం కాదు. ఆ పనితో ఇక్కడ ఎంతోమంది యువతీయువకులకు బొమ్మలు గీసి బతికే దారి దొరికింది. ప్రతి భాగం చివర వాళ్ల పేర్లూ పడతాయి.

మన కాలంలో క్రిమికి కథ ముప్పై సెకన్లే. పంటి దగ్గర పుట్టి పంటి దగ్గరే పోయింది. ఇప్పటి పిల్లకు కథ ఎక్కడ ఆగిందో, అమ్మకం ఎక్కడ మొదలైందో కనిపించదు. ఏది నయం అని అడిగితే, పిల్లల వైపు నుంచి పాతదే నయం అంటాను. గీసేవాళ్ల వైపు నుంచి కొత్తదే నయం. ఈ రెండు మాటలూ ఒక చోట ఇమడకపోయినా రెండూ నిజమే.

యాడ్స్ తీసేసి ఇస్తాం

కోఠీ షాపులో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. క్యాసెట్లు ఇచ్చినప్పుడు అక్కడి కుర్రాడు, "యాడ్స్ తీసేసి ఇస్తాం సార్, దానికి వేరే డబ్బులు అక్కర్లేదు" అన్నాడట. అందరూ అలాగే అడుగుతారట. తారీఖులు చూసుకుని మురిసే అలవాటు ఉన్న మా బావగారు, "ఉన్నది ఉన్నట్టు ఎక్కించు బాబూ" అన్నారు. ఆ ఒక్క మాట వల్ల ఆ ఆదివారం మాకు ఆ ప్రకటనలు దక్కాయి.

ఊళ్లో ఇలాంటి షాపులు ఎన్నో ఉన్నాయి. ఎంతోమంది ఇళ్లలో రికార్డు చేసిన క్యాసెట్లు ఉన్నాయి. ఆ సినిమాలు ఎలాగూ ఎక్కడో ఒకచోట ఉంటాయి, వాటికి నెగెటివ్‌లు ఉంటాయి, హక్కుదారులు ఉంటారు. మనం చెత్త అనుకుని కత్తిరించి పారేస్తున్న ఆ రెండు నిమిషాలు ఇంకెక్కడా లేకపోవచ్చు. పుస్తకం అచ్చువేస్తే 1954 నాటి చట్టం ప్రకారం జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి. పత్రికలకూ ఆ బాధ్యత ఉంది. టీవీ ప్రకటన ఆ చట్టం కిందికి రాదు. పుణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, కానీ అది పుట్టింది సినిమాల కోసం. బ్రిటన్‌లో ప్రకటనల చరిత్రను భద్రపరచడానికే ఒక ట్రస్టు ఉంది. టోక్యోలో 2002 నుంచి ప్రకటనల మ్యూజియం ఉంది. పిల్లలను బడి నుంచి తీసుకెళ్లి చూపిస్తారు. మనకు ఎందుకు ఉండకూడదు? ఇన్ని యానిమేషన్ స్టూడియోలు వెలసిన హైదరాబాద్‌లోనే ఎందుకు ఉండకూడదు?

హక్కుల చిక్కు ఒకటుంది. మన కాపీరైట్ చట్టంలో చలనచిత్రానికి రక్షణ 60 ఏళ్లు. 1985లో ప్రసారమైన ప్రకటన 2046కు గానీ అందరిదీ కాదు. అప్పటిదాకా ఈ టేపులు ఆగవు. హైదరాబాద్ వానాకాలం తేమకు టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. వీసీఆర్‌లు తయారుచేసే ఆఖరి జపాన్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఉన్న యంత్రాలను కోఠీ, జుమేరాత్ బజార్‌లలో పాత భాగాలు ఏరుకొచ్చి నడిపిస్తున్నారు. కంపెనీలు తమ పాత ప్రకటనలను, వాటిని చేసిన స్టూడియోల వివరాలతో సహా, ఒక ఆర్కైవ్‌కు ఇవ్వాలి. ఏదైనా పండక్కి అమ్మకాలు పెంచుకోవడానికి పాత బొమ్మను మళ్లీ బయటికి తీసేటప్పుడైనా గీసినవాళ్ల పేర్లు వెయ్యాలి. అది వాళ్లకు పైసా ఖర్చు లేని పని.

దాచేటప్పుడు మంచివి, చెడ్డవి అని ఏరకూడదు కూడా. ఫ్రెడ్ సిగరెట్టు వెలిగించే ఆ ప్రకటనను ఎవరో సిగ్గుపడి చెరిపేసి ఉంటే, కార్టూన్లతో పొగాకు ఎలా అమ్మారో ఈ రోజు పిల్లలకు కళ్లకు కట్టేలా చూపించలేకపోయేవాళ్లం. మన వాటిలోనూ నల్లగా ఉన్నవాళ్లను నవ్వులపాలు చేసినవి, ఆడపిల్లలను వంటింటికి కట్టేసినవి ఉన్నాయి. అవీ ఉండాలి, తారీఖుతో సహా.

మీ ఇంట్లో క్యాసెట్లు ఉంటే ప్రకటనలు కత్తిరించకుండా ఎక్కించమని చెప్పండి. ఏ చానల్, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. మీ బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరైనా స్టూడియోలో పనిచేసి ఉంటే ఏ ప్రకటనకు ఏ పని చేశారో అడిగి రాసుకోండి. నేను నా మిత్రుడితో మొదలుపెట్టాను. మొదట "ఎవరికి కావాలి ఇవన్నీ" అన్నవాడు, రెండు రోజుల తర్వాత తానే ఫోను చేసి తనతో పనిచేసినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక టీ పొడి ప్రకటనకు సెల్‌ల మీద రంగులు వేసిన ఒకావిడ సైనిక్‌పురిలో ఉంటున్నారట. మిగిలిన పలకలు కొన్ని ఇంట్లోనే ఉన్నాయని చెప్పారట. వచ్చే ఆదివారం రమ్మన్నారు. అక్క మనవరాలు కూడా వస్తానంటోంది.